నోరు తెరవని ల్యాప్‌టాప్

పాకాల,
అక్టోబరు 9

నందిని గారికి,

వందనాలు. రూతు రాస్తున్నాను. రెండేళ్ళుగా మాటల్లేని మనిషికి 'గారు' తగిలించక ఇంకెట్లా రాయాలో నాకు తెలియలేదు. ఏమీ అనుకోవద్దు. అనుకున్నా ఫరవాలేదు.

సాయం కావాలి కాబట్టి రాస్తున్నాను. ఒప్పుకునే ముందు నా షరతులు విను. ఫోన్ చేయొద్దు, నీ గొంతు వింటే నాకు చిత్తూరు ఇంటర్వ్యూ గుర్తొస్తుంది. ఇక్కడికి రావొద్దు. నీ బదులు ఇంకెవరినీ పంపొద్దు. ఏం చేయాలో మెయిల్లో రాస్తే చాలు. చేసేది నేను.

సంగతి ఇది. పాకాలలో చూపు లేని పిల్లల హాస్టల్లో టీచరుగా చేరాను. ఎనిమిది మంది పిల్లలు, అందరూ నాలాంటివాళ్ళే. మా ట్రస్టు పెద్ద మునిరత్నం గారికి చిత్తూరులో బెల్లం మండీ ఉంది. ఆయన దసరాకు ముందు పిల్లల కోసం ఒక కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు. విండోస్ లేకుండా అమ్మే రకం. తిరుపతిలో కొన్న షాపువాళ్ళు దాంట్లో లినక్స్ వేసి పంపారు. నాకు లినక్స్ అంటే భయం లేదు, డిగ్రీలో నువ్వు నేర్పిందే కదా. తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాం దాంట్లోనే ఉంటుంది, తెలుగు కూడా చదువుతుంది. మాకు తెర అంటే ఆ గొంతే. దసరా సెలవులయ్యాక పిల్లలందరినీ చుట్టూ కూచోబెట్టుకుని మొదటిసారి తెరిచాను. అది నోరు తెరవలేదు. గొంతూ లేదు, వై-ఫై కూడా పట్టలేదు. పిల్లలు ఎంతసేపు ఊపిరి బిగబట్టి కూచున్నారో చెప్తే నీకు ఏడుపొస్తుంది, అందుకని చెప్పను.

మా కరస్పాండెంట్ దయానంద్ సార్ మంచివాడే. కానీ ఆయన మాట ఇది: "ఊరకనే వచ్చే లినక్స్ గదమ్మా, అంతే ఉంటాది. డిసెంబరులో కమిటీ మీటింగు దాకా చూస్తా. అప్పటికీ మాట్లాడకపోతే విండోస్ ఏపిచ్చి ఆఫీసులో లెక్కలకు పెట్టుకుంటాం." విండోస్ ఖర్చు ఆఫీసు పనికైతేనే కమిటీ ఒప్పుకుంటుందట, పిల్లల క్లాసుకైతే కాదట. అంటే ఇది మాట్లాడితే పిల్లలకు కంప్యూటర్ క్లాసు ఉంటుంది. మాట్లాడకపోతే ఉండదు.

వంట చేసే తాయమ్మక్క దీనికి దిష్టి తగిలిందంటోంది. ఆయుధపూజ నాడు మిక్సీకి, గ్రైండరుకు, ఆఖరికి గ్యాస్ సిలిండరుకు కూడా బొట్టు పెట్టిన మనిషి ఆమె. "నీ దేవుడు వేరే గదా టీచరమ్మా, నీ మిషన్ మూత మింద చెయ్యి కూడా పెట్టలే" అని నాకు ఆ రోజే చెప్పింది. పెట్టి ఉంటే ఈపాటికి మాట్లాడేదని ఇప్పుడు అందరూ ఆమెను ఆటపట్టిస్తున్నారు.

వీలైతే జవాబు రాయి.

రూతు

*

ఏర్పేడు,
అక్టోబరు 10

రూతూ,

నువ్వు 'గారు' పెట్టుకో. నా వల్ల కాదు.

పొద్దున ల్యాబ్‌లో నీ మెయిల్ తెరిచి, పక్కన ఎవరున్నారో కూడా చూసుకోకుండా నవ్వేశాను. వెంటనే ఏడుపు కూడా వచ్చింది. నీ నంబరు నొక్కబోయి, షరతు గుర్తొచ్చి, ఫోన్ తీసి సొరుగులో పడేశాను. నీ షరతులన్నీ ఒప్పుకున్నాను. ఒప్పుకోక చస్తానా?

నేనిప్పుడు ఏర్పేడు దగ్గర క్యాంపస్‌లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్నాను. రోజంతా మొండికేసిన యంత్రాలతోనే నా కాపురం. ఒకటి మాత్రం నేర్చుకున్నాను. యంత్రం అలిగితే ఎందుకు అలిగిందో లోపల ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకుంటుంది. మనం అడగాలి, అంతే.

అడిగే కమాండ్లు రెండు, ఇంగ్లీషు అక్షరాల్లో వేరే మెయిల్‌లో పంపాను. ఒకటి సౌండ్ కార్డు గురించి, ఇంకొకటి వై-ఫై గురించి. టైప్ చేయడం నీకు నేను చెప్పాల్సిన పని లేదు, డిగ్రీ హాస్టల్లో నాకంటే నువ్వే వేగం. కానీ గొంతు లేకుండా అది తెర మీద చూపించే జవాబు నువ్వెట్లా చదువుతావు? ఎవరినైనా చదివి పెట్టమంటావా?

సంగటి తింటున్నావా, లేక ఇప్పటికీ హాస్టల్ ఉప్మాయేనా? జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు.

నీ నందిని

*

పాకాల,
అక్టోబరు 16

నందినికి,

ఎవరినీ చదివి పెట్టమనలేదు. నా ఫోన్లో కెమెరా ముందు ఏ అక్షరాలుంటే అవి చదివే యాప్ ఉంది. ఫోన్‌ను తెరకు ఎదురుగా పట్టుకుని నిలబడతాను. చెయ్యి కాస్త వణికినా సగం మాట మింగేస్తుంది. మోచేతి కింద ఒక చెయ్యి, గాల్లో ఒక చెయ్యి, నన్ను చూసి తాయమ్మక్క, "టీచరమ్మ టీవీకి హారతి ఇస్తా ఉండాది" అని పిల్లలకు చెప్తోంది. పిల్లలకు అదొక తమాషా.

సౌండ్ కార్డు దగ్గర 'డమ్మీ అవుట్‌పుట్' అని వస్తోంది, అంటే అసలుది కనపడక ఉత్తుత్తిది పెట్టుకుంది. వై-ఫై దగ్గర ఏమీ రావడం లేదు, అసలు ఆ పార్టు ఉన్నట్టే దానికి తెలియదు. లినక్స్ ఎప్పటిదో కూడా చదివించాను. షాపువాడు వేసింది పాతది, నాలుగేళ్ళ కిందటిది.

ఇక ఒక మాట. నువ్వు ఉత్తరంలో ఏడుపొచ్చిందన్నావు. నాకు అప్పుడే వచ్చింది, రెండేళ్ళ కిందట. ఆ కాలేజీ లైబ్రరీ ఉద్యోగం ఇంటర్వ్యూలో "కంప్యూటర్ వాడగలవా అమ్మా" అని వాళ్ళు అడిగింది నన్ను. నేను నోరు తెరిచేలోపు నాకు తోడొచ్చిన నువ్వు, "నేను పక్కనే ఉండి చూసుకుంటా సార్" అన్నావు. ఒక ఉద్యోగానికి వాళ్ళకు ఇద్దరు మనుషులు ఎందుకు? ఆ ఉద్యోగం నాకు రాలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకే? ఈ మాట ఇన్నాళ్ళూ గొంతులోనే ఉండిపోయింది. ఇప్పుడు రాసేశాను. ఇక పనికి వద్దాం.

సంగటే తింటున్నాను. తాయమ్మక్క చేతి ఉర్లగడ్డ కూరతో.

రూతు

*

ఏర్పేడు,
అక్టోబరు 18

రూతూ,

కత్తిపీట గురించి చదివాను. జవాబు రాసి కొట్టేశాను. మళ్ళీ రాసి మళ్ళీ కొట్టేశాను. పనికి వద్దామన్నావు, పనికే వస్తున్నాను.

నువ్వు చదివించిన ఆ ఒక్క ముక్కతో సగం రోగం తెలిసిపోయింది. నీ ల్యాప్‌టాప్ ఈ ఏడాదిది, దాంట్లో వేసిన లినక్స్ నాలుగేళ్ళ కిందటిది. పాత ఓటరు లిస్టులో కొత్త కోడలి పేరు వెతికినట్టుంది. లినక్స్‌లో యంత్రం పార్టులను గుర్తుపట్టి పని చేయించే భాగాన్ని కెర్నల్ అంటారు. నీ సౌండ్ చిప్పు, వై-ఫై చిప్పు పుట్టకముందే ఆ కెర్నల్ తయారైంది, అందుకే వాటిని గుర్తుపట్టడం లేదు. యంత్రం తప్పూ కాదు, లినక్స్ తప్పూ కాదు. దయానంద్ సార్‌కు ఈ మాట చెప్పు.

కొత్త కెర్నల్ దించుకోవాలి. దాంతో పాటు ఫర్మ్‌వేర్ అని ఒకటి ఉంటుంది, చిప్పు నిద్రలేవగానే దానికి చెప్పాల్సిన పాఠం లాంటిది, అది కూడా కావాలి. వై-ఫై లేకుండా ఎట్లా దించుతావంటే, నీ ఫోన్‌ను ఛార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి. ఫోన్ నెట్టే ల్యాప్‌టాప్‌కు వస్తుంది. కమాండ్లు వరసగా పంపాను. ఒక్కొక్కటి అయ్యాకే తర్వాతది కొట్టు. ఏదైనా తేడా వస్తే భయపడొద్దు, ఆన్ అయ్యేటప్పుడు పాత కెర్నల్‌కు తిరిగి పోయే దారి కూడా రాశాను.

గొంతును స్పీకర్లోంచే రప్పిద్దాం. చెవుల్లో ఏవైనా పెట్టుకుంటే నీకు గది మూసుకుపోయినట్టుంటుందని నాకు తెలియదా?

నీ నందిని

*

పాకాల,
నవంబరు 3

నందినీ,

వై-ఫై వచ్చింది!

ఫోన్‌ను వైరుతో కట్టేశాను కదా, ఇక తెర చదివేదెవరు? కొట్టింది కొట్టినట్టు వేళ్ళ లెక్కతో కొట్టి, అయిపోయిందో లేదో ఫ్యాను చప్పుడును బట్టి తెలుసుకుని, వైరు పీకి చదివించి, మళ్ళీ తగిలించి, రెండు రోజులు అదే పని. ఒకసారి ఒక చుక్క మర్చిపోయి మొత్తం మొదటినుంచి చేశాను. కానీ నా చేత్తో నేనే చేశాను. వై-ఫై కలిసిందని ఫోన్ చదవగానే పిల్లలు కొట్టిన చప్పట్లకు దయానంద్ సార్ ఆఫీసులోంచి లేచి వచ్చారు. "అయితే లినక్స్‌ది తప్పు కాదంటావు" అన్నారు. "పాతదాన్ది తప్పు సార్" అన్నాను.

ఇక రెండో కబురు. సౌండ్ కార్డుకు పేరొచ్చింది, ఇప్పుడు అది డమ్మీ కాదు. కానీ గొంతు మాత్రం లేదు. మూడు మీటలు కలిపి నొక్కి చదివే ప్రోగ్రాంను లేపాను. లేచిందట. సౌండ్ సెట్టింగులు తెరిచి, తాయమ్మక్కను పిలిచి తెర మీద ఏముందో చెప్పమన్నాను. సాయం అడగడానికి నాకేమీ నామోషీ లేదు, అడిగేది నేనైతే చాలు. "చిన్న కమ్మీ మాదిరి ఒకటి ఎగిరెగిరి పడతా ఉండాది టీచరమ్మా, నువ్వు మీట కొట్టినప్పుడల్లా" అంది. శబ్దం ఎంత వస్తోందో చూపించే గీత అది. అంటే మిషన్ మాట్లాడుతోంది. మనకు వినపడటం లేదు, అంతే. ఇంత దగ్గరికొచ్చి ఇదేం ఖర్మ?

తాయమ్మక్క దాని ముందు కర్పూరం వెలిగించి దిష్టి తీసింది. నేనూ ప్రార్థన చేశాను. ఇద్దరి దేవుళ్ళూ ఊరికి పోయినట్టున్నారు.

రూతు

*

ఏర్పేడు,
నవంబరు 5

రూతూ,

నీ వై-ఫై కబురు ల్యాబ్‌లో అందరికీ చదివి వినిపించాను. ఫ్యాను చప్పుడుతో కెర్నల్ మార్చిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు, విననూ లేదు.

గొంతు సంగతి. ఒక్కోసారి లినక్స్ అన్నిటినీ గుర్తుపట్టి కూడా స్పీకరు మ్యూట్‌లో పెట్టి మర్చిపోతుంది. ఒక్కోసారి శబ్దాన్ని టీవీ వైరుకు పంపిస్తుంది, ఆ వైరు లేకపోయినా సరే. ఒక్కోసారి స్పీకరుకు బలమిచ్చే చిన్న చిప్పుకు వేరే పాఠం కావాలి. మూడింటికీ కమాండ్లు పంపాను. ఇవి కాకపోతే ఇంకో నాలుగు దారులున్నాయి, అవీ పంపాను. ఏదో ఒకటి పట్టకపోదు.

నీ నందిని

*

పాకాల,
నవంబరు 13

నందినీ,

ఏదీ పట్టలేదు. నువ్వు పంపినవన్నీ చేశాను, కొన్ని రెండేసి సార్లు.

దయానంద్ సార్ ఆఫీసులో కిటికీ పక్కన బల్ల ఖాళీ చేయించారు. బల్ల జరిపిన చప్పుడు వినపడింది. పిల్లలకు కూడా వినపడింది. ఈ రోజు క్లాసులో ఎవరూ ల్యాప్‌టాప్ మాటెత్తలేదు. నాకు రాయాలని లేదు.

రూతు

*

ఏర్పేడు,
నవంబరు 19

రూతూ,

ఒక పని చేశాను, నీకు చెప్పలేదు. తిడతావని తెలుసు. నీ ల్యాప్‌టాప్ మోడలే నేనూ ఒకటి కొన్నాను. నాకెట్లాగూ కొత్తది కావాలి, ఏదైతేనేమని నీదే కొన్నాను. అదే లినక్స్, అదే కెర్నల్ వేసి, నీకు పంపిన కమాండ్లే వరసగా కొట్టాను. నాది శుభ్రంగా మాట్లాడుతోంది! పక్క గదివాళ్ళు తలుపు కొట్టేంత గట్టిగా.

అంటే నీ దానికి లినక్స్ జబ్బు తగ్గిపోయింది. మిగిలింది ఇంకేదో ఉంది, అది నీ ల్యాప్‌టాప్‌కు ఒక్కదానికే ఉంది. రెండింటి జవాబులు పక్కపక్కన పెట్టి చూడాలి. నాది ఏ రంధ్రంలో ఏముందో చెప్పేటప్పుడు 'హెడ్‌ఫోన్లు లేవు' అంటోంది. నీది ఏమంటోంది? ఆ కమాండు మళ్ళీ పంపాను, ఈసారి జవాబు చివరిదాకా చదివించు.

ఇక నా మనవి. మీటింగు దగ్గర పడుతోంది. పొద్దున ఏర్పేడులో ఎక్కి తిరుపతిలో బండి మారితే మధ్యాహ్నానికి పాకాలలో ఉంటాను. ఒక్క గంట చాలు. నేను వచ్చి చూసి వెళ్ళిపోతాను, నీతో ఒక్క మాట కూడా మాట్లాడను. వద్దంటే రాను. కానీ ఎనిమిది మంది పిల్లలు కదే, రానీ.

నీ నందిని

*

పాకాల,
నవంబరు 25

ఏమే నందూ,

ముందు తిట్లు, తర్వాత సంగతి.

రానివ్వమని అడగడానికి పిల్లలను అడ్డం పెట్టుకుంటావా? ఆ ఉత్తరం చదివించుకుని పొద్దంతా నీ మీద మండిపడ్డాను. మండిపడుతూనే నువ్వు పంపిన కమాండు కొట్టి, ఫోన్‌ను తెర ముందు కదలకుండా పట్టుకుని, జవాబు చివరిదాకా చదివించాను. 'హెడ్‌ఫోన్లు ఉన్నాయి' అంది. ఏ హెడ్‌ఫోన్లు? ఎవరి హెడ్‌ఫోన్లు? దాని పక్కన గాలి తప్ప ఏమీ లేదు!

అప్పుడు లినక్స్ వాడేవాళ్ళు ఒకరికొకరు సాయం రాసుకునే పేజీ ఒకటి ఫోన్లో వెతికి విన్నాను. గొంతు రాకపోతే ఏం చేయాలో రాశారు. అన్నిటికంటే మొదట రాసింది ఏమిటో తెలుసా? 'హెడ్‌ఫోన్లు పెట్టి చూడండి, తీసి చూడండి.' ఇన్ని కమాండ్లు రాసిన దానివి, ఈ మొదటి మెట్టు నాకెందుకు రాయలేదే? నాకు తెలుసు ఎందుకో. చెవుల్లో పెట్టుకుంటే నాకు పడదని. నాకు పడదని నువ్వే అనుకుని, నువ్వే ఆ మెట్టు తీసేశావు.

సరే. తాయమ్మక్క వంట చేస్తూ చెవుల్లో పెట్టుకుని పాటలు వింటుంది. ఆ వైరు ఒకసారి ఇమ్మన్నాను.

"యాడ పెడతావు టీచరమ్మా?"

"మిషన్ పక్కన బొక్క ఉంది కదక్కా, దాంట్లో."

"ఆడొద్దు టీచరమ్మా! ఆడ బొట్టు ఉండాది!"

వైరు కొస పెడితే లోపలికి దిగలేదు. గోరు పెట్టి గీకాను. గరగరమంటూ పొడి రాలింది. వాసన చూస్తే చందనం! 

"ఏంది తాయమ్మక్కా ఇది? మూత మింద చెయ్యి పెట్టలేదంటివే?"

"మూత మింద పెట్టలే టీచరమ్మా, నిజంగానే పెట్టలే. అన్నిటికీ పెట్టి దీనికొక్కదానికి పెట్టకుంటే నా మనసు ఒప్పలా. మూత మింద పెడితే నీ చేతికి తగలతాది, నీ దేవుడు వేరే, నువ్వేమనుకుంటావో ఏమో. పక్కన చిన్న బొక్క ఉండాది గదా, ఆడికి నీ చెయ్యి పోదులే అని, చందనం తడిపి కుంకం కలిపి దాంట్లో పెట్టినా. బలే కుదురుగా ఉన్నింది."

నందూ, నేను నవ్వాలో తల బాదుకోవాలో నువ్వే చెప్పు. తడి చందనం ఎండి లోపల గట్టిపడింది. దాన్నే హెడ్‌ఫోన్లు అనుకుని, పాపం ఆ ల్యాప్‌టాప్ ఇన్నాళ్ళూ చందనానికే పాఠాలు చదివి వినిపిస్తోంది! మనం కెర్నల్ మార్చాం, ఫర్మ్‌వేర్ దించాం, దిష్టి తీశాం, ప్రార్థన చేశాం.

పాపం తాయమ్మక్క ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది, గొంతు కొంగులోంచి వచ్చింది. "నా వల్లనే పిల్లోళ్ళ సదువు ఆగిపోయిందే" అని. నేను పట్టుకుని కూచోబెట్టాను. ల్యాప్‌టాప్ ఆపేసి, చీపురుపుల్లతో మెల్లగా తవ్వాను, ఎక్కడ అంటుకుని ఉందో నా వేలికి తెలుస్తోంది. పుల్లకు దూది చుట్టి, పిల్లల దెబ్బలకు తుడిచే స్పిరిట్‌లో ముంచి తుడిచాను. ఒక పూట ఆరబెట్టాను.

నిన్న పొద్దున పిల్లలను పిలిచి, చుట్టూ కూచోబెట్టి, ఆ మూడు మీటలు నొక్కాను.

"స్క్రీన్ రీడర్ ఆన్" అంది.

తాయమ్మక్క గుమ్మంలోంచి, "అమ్మో, ఎవుడో మొగోడు ఉండాడే లోపల!" అని కేక పెట్టింది. పిల్లలు నవ్వీ నవ్వీ ఒకరి మీద ఒకరు పడ్డారు. నేను ఏడ్చాను. వాళ్ళకు వినపడింది కాబట్టి దాచి లాభం లేదు.

ఇప్పుడు అసలు మాట. తాయమ్మక్క నా చేతికి తగలకూడదని బొట్టు దాచింది. నువ్వు నా చెవికి కష్టం కలగకూడదని మొదటి మెట్టు దాచావు. ఇద్దరూ ప్రేమతోనే చేశారు. ఆ ప్రేమ వల్లనే ఇన్నాళ్ళూ నా క్లాసు మూతపడింది. ఒక్క మాట అడిగి ఉంటే పోయేది కదే! చెవుల్లో పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు, నిజమే. కానీ పిల్లల కోసం ఒక్క నిమిషం పెట్టుకోలేనా? తాయమ్మక్క అడిగి ఉంటే బొట్టు మూత మీదే పెట్టించుకునేదాన్ని. ఇప్పుడు పెట్టించాను కూడా, కుడి మూలన. చేతికి తగులుతూ ఉంటుంది, బాగుంది.

నీ ఉత్తరాలన్నీ మొదటినుంచి దీని చేత చదివించుకున్నాను. డిగ్రీ మూడేళ్ళూ నీ గొంతుతో చదివినదాన్ని. ఈ మిషన్ గొంతు నీ గొంతంత బాగుండదు. కానీ ఆపమంటే ఆగుతుంది.

డిసెంబరు 13 శనివారం మీటింగు. మునిరత్నం గారు వస్తున్నారు. నువ్వు రా. ఇది నేను పిలుస్తున్నాను, గుర్తుంచుకో. వెనక బెంచీలో కూచో. నోరు మాత్రం తెరవొద్దు.

రూతు

*

ఏర్పేడు,
నవంబరు 26

రూతూ,

చదివాను. మొదటి మెట్టు నేనే తీసేశాను, నువ్వన్నది అక్షరాలా నిజం. ఇక మీదట అడుగుతాను.

వస్తాను. వెనక బెంచీ. నోటికి తాళం.

ఒక్క సంగతి. నీ ఉత్తరం చదివాక నా ల్యాప్‌టాప్‌కు కూడా బొట్టు పెట్టాను. మూత మీద.

నీ నందిని

*

పాకాల,
డిసెంబరు 14

నందూ,

పారిపోయావు కదే!

మీటింగు అయ్యీ కాకముందే లేచిపోయావట. తాయమ్మక్క టీ గ్లాసు పట్టుకుని గేటు దాకా పరిగెత్తి తిరిగొచ్చింది. "ఆయమ్మ రైలుకు టైమైందని పూడ్సింది టీచరమ్మా, కండ్లు తుడుసుకుంటా పోయింది" అని చెప్పింది. నోరు తెరిచినందుకు నేను తిడతానని భయమా?

నీకు కనపడినవి నేను మళ్ళీ రాయను. నాకు వినపడినవి రాస్తాను.

పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి తమ పేరు టైపు చేసి, మిషన్ చేత పలికించారు. మునిరత్నం గారు కుర్చీ ముందుకు లాక్కున్నారు, అది విన్నాను. "నా పేరు కూడా పలకమను చూద్దాం" అన్నారు. టైపు చేశాను. మిషన్ ఆయన పేరు పలికితే ఆ పెద్దాయన చిన్నపిల్లోడి మాదిరి నవ్వారు. దయానంద్ సార్ "మొత్తం ఈయమ్మే చేసుకునింది సార్" అన్నారు. అప్పుడు మునిరత్నం గారు కుర్చీలోనే వెనక్కి తిరిగారు. ఆయన గొంతు నా మీదనుంచి దాటిపోయి ఎక్కడో వెనక్కు పోయింది.

"ఏమ్మా, వెనక కూచున్నావే, నీకు కంప్యూటర్ పని బాగా తెలుసంట గదా. నువ్వు చెప్పు. ఈయమ్మ ఒక్కతే దీన్ని నడపగలదా?"

విన్నావు కదా నందూ. అదే ప్రశ్న. అదే చిత్తూరు గది. అప్పుడైనా అడిగింది నన్ను, ఇప్పుడు అదీ లేదు. నువ్వు ఏమంటావో నాకు తెలుసనుకున్నాను. "నడపగలదు సార్, చాలా తెలివైంది సార్, నేనున్నాను కదా సార్" అంటావనుకున్నాను. ఎంత మంచిగా అన్నా నాకు మళ్ళీ అదే అయ్యేది.

వెనక బెంచీ కిర్రుమంది. నువ్వు లేచి నిలబడ్డావు.

"నన్నెందుకు సార్ అడగతారు? ఆయమ్మ మీ ముందరే ఉండాది గదా. ఆయమ్మనే అడగండి."

అంతే. మళ్ళీ బెంచీ కిర్రుమంది, కూచున్నావు.

రెండేళ్ళ తర్వాత విన్న నీ గొంతు అది. ఏమీ మారలేదు. మునిరత్నం గారు కుర్చీ ఇటు తిప్పుకున్నారు. ఈసారి గొంతు నేరుగా నా ముఖానికి వచ్చింది. "అవునమ్మా, తప్పే. నువ్వే చెప్పు, నడపగలవా?"

"నడపతాను సార్. మళ్ళీ నోరు మూసుకుంటే తెరిపిస్తాను కూడా" అన్నాను. గదంతా నవ్వింది. గదిలో అందరికంటే గట్టిగా నవ్వింది తాయమ్మక్క.

ల్యాప్‌టాప్ క్లాసులోనే ఉంటుంది. దాన్ని పెట్టుకునే బీరువా తాళం దయానంద్ సార్ తెచ్చి నా చేతిలో పెట్టారు. కిటికీ పక్కన ఖాళీ చేసిన ఆ బల్ల కూడా మా గదికే జరిపించారు. సోమవారం నుంచి రోజూ క్లాసు ఉంటుంది.

ఈ ఉత్తరం ఆ బల్ల దగ్గర కూచుని, దీంట్లోనే టైపు చేస్తున్నాను. నేను కొట్టిన ప్రతి మాటా తిరిగి చదివి వినిపిస్తోంది. నీ పేరు బాగానే పలుకుతోంది కానీ, నందూ అని నేను పిలిచినట్టు దానికి ఎక్కడ వస్తుంది?

నోరు తెరవొద్దన్న షరతు తప్పావు. అందుకని మిగిలిన షరతులన్నీ నేనే తీసేస్తున్నాను. ఇది పంపిన వెంటనే నీ ఫోన్ మోగుతుంది, సొరుగులో ఉంటే బయటికి తియ్యి. ముందు నేను మాట్లాడతాను. అయ్యాక నువ్వు మాట్లాడుదువు గాని.

నీ రూతు